శనివారం నడిచి వెళ్లిన సెనేటర్: జో లీబర్మన్ జీవితంలో ధర్మశాస్త్రం, రాజకీయం

1991 జనవరి 12న, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సేనలపై బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానంపై అమెరికా సెనేట్ ఓటు వేసింది. 52–47 ఓట్లతో నెగ్గిన ఆ తీర్మానాన్ని బలపరిచిన డెమొక్రాట్లు 10 మంది మాత్రమే. కనెక్టికట్ రాష్ట్రం నుంచి రెండేళ్ల కిందటే సెనేట్‌కు వచ్చిన జోసెఫ్ లీబర్మన్ వారిలో ఒకరు. తీర్మానాన్ని ముందుకు తెచ్చిన వారిలోనూ ఆయన ఉన్నారు. ఆ రోజు శనివారం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఏ పనీ ముట్టుకోకూడదన్న యూదుల విశ్రాంతి దిన నియమాన్ని లీబర్మన్ నిష్ఠగా పాటించేవారు. అలాంటి వ్యక్తి యుద్ధానికి సంబంధించిన ఓటును అదే రోజున వేశారంటే అది నియమభంగం కాదా అన్న సందేహం సహజంగానే కలుగుతుంది. ఆయన దృష్టిలో అది నియమభంగం కాదు. ఎందుకు కాదో అర్థం చేసుకుంటే, 24 ఏళ్ల ఆయన సెనేట్ జీవితంలో పొగడ్తలు తెచ్చిన నిర్ణయాలూ, సొంత పార్టీనే దూరం చేసిన నిర్ణయాలూ ఒకే మూలం నుంచి ఎలా వచ్చాయో చాలావరకు తెలుస్తుంది.

తెలుగు బైబిలు చదివేవారికి ‘విశ్రాంతి దినము’ అన్న మాట కొత్త కాదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఈ దినాన్ని నేటికీ జరుపుకుంటాయి. అయితే ఆ రోజున ‘పని’ అంటే ఏమిటన్నది పైకి కనిపించేంత సులువైన ప్రశ్న కాదు. రబ్బీల, అంటే యూదు మత పండితుల, సంప్రదాయం నిషిద్ధమైన పనులను 39 తరగతులుగా విభజించింది. నిప్పు రాజేయడం, ఆర్పడం, రాయడం, ఇంటి నుంచి బహిరంగ స్థలంలోకి వస్తువులు మోసుకెళ్లడం వాటిలో ఉన్నాయి. ఆధునిక కాలంలో సనాతన యూదులు వీటి ఆధారంగానే కారు నడపడం, విద్యుత్ స్విచ్ నొక్కడం, ఫోను వాడడం మానుకుంటారు. మరోవైపు, ప్రాణం నిలబెట్టే అవసరం వస్తే దాదాపు అన్ని నియమాలూ పక్కకు తప్పుకోవాలన్న సూత్రం కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. సమాజ శ్రేయస్సుకు సంబంధించిన పనులను ఆ రోజున ఏ మేరకు చూడవచ్చన్న దానిపైనా శతాబ్దాలుగా చర్చ సాగింది. హలఖా అని పిలిచే ఈ ధర్మశాస్త్రాన్ని కఠినమైన నిషేధాల చిట్టాగా చూడడం పొరపాటు. అది వాదోపవాదాల మధ్య, ప్రతి సందర్భాన్నీ విడిగా తూచి చూసే సంప్రదాయం.

లీబర్మన్ రబ్బీలతో సంప్రదించి తనకంటూ ఒక గీత గీసుకున్నారు. ఎన్నికల ప్రచారం, విరాళాల సేకరణ, పార్టీ సభలు తన స్వార్థానికి సంబంధించినవి కాబట్టి శనివారం వాటి జోలికి వెళ్లరు. దేశ భద్రత, ప్రజల క్షేమం ముడిపడిన ఓటు అయితే వెళ్తారు, కానీ నడిచే వెళ్తారు. వాషింగ్టన్ నగరంలో జార్జ్‌టౌన్‌లోని ఇంటి నుంచో, ప్రార్థనామందిరం నుంచో సెనేట్ సమావేశమయ్యే క్యాపిటల్ భవనానికి 4 మైళ్లకు పైగా దూరం ఉంటుంది. శుక్రవారం రాత్రి సమావేశాలు పొడిగించినప్పుడు ఆయన ఆ దూరమంతా నడుస్తుంటే భద్రత కోసం పోలీసు సిబ్బంది వెంట నడిచేవారు. సభా నియమాల్లోని ఒక చిన్న వివరం కూడా ఆయనకు కలిసొచ్చింది. ప్రతినిధుల సభలో సభ్యులు ఎలక్ట్రానిక్ యంత్రంతో ఓటు వేస్తారు. సెనేట్‌లో గుమస్తా పేర్లు పిలుస్తుంటే నోటితో చెబితే సరిపోతుంది. బటన్ నొక్కనక్కర్లేదు, సంతకం పెట్టనక్కర్లేదు. ఆయన దిగువ సభకు ఎన్నికై ఉంటే ఈ సర్దుబాటు ఇంత తేలిగ్గా కుదిరేది కాదు.

సెనేట్‌లో తొలినాళ్లలో ఒక శుక్రవారం రాత్రి సభ ఆలస్యం కావడంతో ఆయన జిమ్‌లో మడత మంచం మీద పడుకోవడానికి సిద్ధపడ్డారు. అప్పటికి టెన్నెసీ సెనేటర్‌గా ఉన్న ఆల్ గోర్ అది తెలిసి, క్యాపిటల్‌కు ఎదురుగా ఉన్న తన తల్లిదండ్రుల అపార్ట్‌మెంటుకు తీసుకెళ్లి, లైట్లు తానే వేసి తానే ఆర్పి వెళ్లారు. యూదు సమాజాల్లో పాత రోజుల నుంచీ పొరుగున ఉన్న అన్యమతస్థులు ఇలాంటి సాయం చేసే అలవాటు ఉంది. దేశానికి ఉపాధ్యక్షుడు కాబోయే వ్యక్తి తనకు ఆ సాయం చేశాడని లీబర్మన్ తర్వాత అనేకసార్లు చెప్పుకున్నారు.

ఈ నిష్ఠ ఆయనకు పుట్టుకతో వచ్చి ఆటంకం లేకుండా కొనసాగినదేమీ కాదు. 1942 ఫిబ్రవరి 24న కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌లో ఆయన జన్మించారు. బాల్యంలో కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగిన తండ్రి ఆ ఊళ్లో మద్యం దుకాణం నడిపేవారు. మధ్య ఐరోపా నుంచి వలస వచ్చిన అమ్మమ్మ అదే ఇంట్లో ఉండేది. పాత దేశంలో ప్రార్థనామందిరానికి వెళ్తుంటే వేధింపులు ఎదుర్కొన్న ఆమెను, స్టాంఫర్డ్ వీధిలో క్రైస్తవ పొరుగువారు విశ్రాంతి దిన శుభాకాంక్షలతో పలకరించేవారట. ఈ జ్ఞాపకాన్ని లీబర్మన్ జీవితమంతా ప్రసంగాల్లో తలచుకున్నారు. అమెరికాలో మతం బహిరంగ జీవితంలో ఉండవచ్చునన్న ఆయన నమ్మకానికి పునాది ఏ సిద్ధాంత గ్రంథంలోనో కాక ఆ వీధిలోనే ఉందనిపిస్తుంది. యేల్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆచారాలు సడలాయి. అమ్మమ్మ మరణం తర్వాత, తన తరంతోనే ఈ పరంపర తెగిపోతుందేమోనన్న ఆందోళనతో తిరిగి నిష్ఠకు మళ్లారు. అందుకే కాబోలు, తనను ‘సనాతన యూదుడు’ అనేకంటే ‘ఆచారాలు పాటించే యూదుడు’ అనడానికే ఆయన ఇష్టపడేవారు.

యేల్‌లోనే రాజకీయాలూ మొదలయ్యాయి. 1963లో నల్లజాతీయుల ఓటుహక్కు ఉద్యమానికి మద్దతుగా మిసిసిపీకి వెళ్లిన విద్యార్థుల్లో ఆయన ఉన్నారు. 1967లో న్యాయశాస్త్ర పట్టా పొంది, 1970లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికల్లో ఆయన కోసం పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తల్లో యేల్ న్యాయ విద్యార్థి బిల్ క్లింటన్ ఒకరు. రాష్ట్ర సెనేట్‌లో మెజారిటీ నాయకుడిగా ఎదిగినా, 1980లో ప్రతినిధుల సభకు పోటీ చేసి, అధ్యక్షుడిగా గెలిచిన రిపబ్లికన్ రీగన్ గాలిలో ఓడిపోయారు. మరుసటి ఏడాది మొదటి వివాహం విడాకులతో ముగిసింది. తర్వాత ఆయన పెళ్లాడిన హదాసా, నాజీ మారణకాండ నుంచి బయటపడిన దంపతులకు ప్రాగ్‌లో పుట్టిన బిడ్డ. 1983 నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్‌గా వినియోగదారుల రక్షణ, పర్యావరణ కేసులతో ఆయన పేరు తెచ్చుకున్నారు.

1988లో రిపబ్లికన్ సెనేటర్ లోవెల్ వైకర్‌పై పోటీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. రాష్ట్ర పార్టీ మహాసభ శనివారం జరగడంతో, తనను అభ్యర్థిగా ప్రకటించే సభకే ఆయన హాజరు కాలేదు. అంగీకార ప్రసంగాన్ని వీడియోలో ముందే రికార్డు చేసి పంపారు. అభ్యర్థి లేని అభ్యర్థిత్వ సభ పార్టీ వర్గాలకు వింతగా తోచినా, ఓటర్లకు అది మాటకు కట్టుబడే మనిషికి నిదర్శనంగా కనిపించింది. వైకర్ రిపబ్లికన్ అయినా ఉదారవాది. ఆయనపై కోపంగా ఉన్న సంప్రదాయవాదులు కొందరు డెమొక్రాట్ అయిన లీబర్మన్‌ను బాహాటంగా బలపరిచారు. సుమారు 10 వేల ఓట్ల తేడాతో ఆయన గట్టెక్కారు. రెండు పార్టీల మధ్య సందులో నిలబడి గెలిచిన ఆ ఎన్నిక, తర్వాతి కాలమంతటికీ ఆయన పద్ధతిని నిర్ణయించింది.

1998 సెప్టెంబర్ 3న సెనేట్‌లో చేసిన ప్రసంగం ఆయనను దేశమంతటికీ పరిచయం చేసింది. వైట్‌హౌస్‌లో పనిచేసిన యువతి మోనికా లెవిన్‌స్కీతో సంబంధం వ్యవహారంలో, అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న క్లింటన్ ప్రవర్తన అనైతికమని, అది దేశ పిల్లలకు తప్పుడు సందేశమిస్తుందని, డెమొక్రటిక్ పార్టీ నుంచి సభలో గట్టిగా ఖండించిన తొలి ప్రముఖుడు ఆయనే. అప్పటికే హింసాత్మక వీడియో గేములపై సెనేట్ విచారణలు జరిపించి, ఆటలకు వయోపరిమితి సూచించే రేటింగ్ పద్ధతి 1994లో రావడానికి కారకుడైన వ్యక్తి కావడంతో, ఆ మాటలు అవకాశవాదంగా కనిపించలేదు. అదే లీబర్మన్ 1999 ఫిబ్రవరిలో అభిశంసన ఓటింగులో క్లింటన్‌ను పదవి నుంచి తొలగించడానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. తప్పును తప్పని చెప్పడం వేరు, దానికి రాజ్యాంగం అనుమతించే శిక్ష వేరు అన్న ఈ వివేచనలో శాస్త్రం చదివిన మనసు స్పష్టంగా కనిపిస్తుంది.

క్లింటన్ నీడ నుంచి బయటపడాలనుకున్న ఉపాధ్యక్షుడు, ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థి అయిన గోర్‌కు సరిగ్గా అలాంటి మనిషే కావాలి. 2000 ఆగస్టు 8న నాష్‌విల్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా లీబర్మన్‌ను గోర్ పరిచయం చేశారు. అమెరికాలో ప్రధాన పార్టీ టికెట్‌పై ఒక యూదుడు నిలబడడం అదే మొదటిసారి. 1960లో క్యాథలిక్ అయిన జాన్ కెనెడీ తన మతం తన పాలనలోకి రాదని హామీ ఇవ్వాల్సి వచ్చింది. లీబర్మన్ దీనికి భిన్నంగా, నాష్‌విల్ వేదికపైనే ప్రార్థనతో మొదలుపెట్టారు. డెట్రాయిట్‌లోని ఒక నల్లజాతీయుల చర్చిలో మాట్లాడుతూ, రాజ్యాంగమిచ్చే మతస్వేచ్ఛ అంటే మతం లేకుండా చేసుకునే స్వేచ్ఛ కాదన్నారు. యూదులపై వివక్షను ఎదుర్కొనే సంస్థ అయిన యాంటీ డిఫమేషన్ లీగ్ బహిరంగ లేఖలో అభ్యంతరం తెలిపింది. ప్రచారంలో దేవుడి ప్రస్తావన ఎక్కువైతే ఎన్నికల్లో మతం కొలబద్ద అవుతుందన్నది ఆ సంస్థ భయం. అల్పసంఖ్యాక మతస్థుడు అధికార పీఠానికి దగ్గరైనప్పుడు అతని సొంత సమాజమే ముందుగా జంకడం గమనించదగ్గ విషయం. యూరప్ చరిత్ర తెలిసినవారికి ఆ జంకు ఎక్కడిదో కూడా తెలుసు.

ఆచారంలో సంప్రదాయవాది కాబట్టి విధానాల్లోనూ సంప్రదాయవాదే అయి ఉంటాడన్న ఊహ లీబర్మన్ విషయంలో నిలవదు. గర్భస్రావ హక్కును ఆయన సమర్థించారు. పర్యావరణ చట్టాలకు, కార్మిక సంఘాలకు, పౌరహక్కులకు అనుకూలంగా ఓట్లు వేశారు. ఈ కారణంగా కొందరు సనాతన రబ్బీలు ఆయన సనాతన యూదుడు ఎలా అవుతాడని ప్రశ్నించారు కూడా. తన ఇంట్లో పాటించే శాస్త్రం పొరుగింటిపై చట్టంగా రుద్దడానికి కాదన్నది ఆయన ఆచరణలో కనిపించే వైఖరి. మతాన్ని బహిరంగంగా మాట్లాడుతూనే మతాన్ని చట్టం చేయకుండా ఉండడం కష్టమైన పని. ఈ ఒక్క విషయంలో ఆయనకు తగినంత గుర్తింపు రాలేదు.

2000 ఎన్నికల ఫలితం తెలిసిందే. దేశవ్యాప్తంగా 5 లక్షలకు పైగా ఓట్లు అధికంగా వచ్చినా, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో, సుప్రీంకోర్టు 5–4 తీర్పు తర్వాత గోర్ జట్టు ఓడింది. రీకౌంటింగ్ వివాదం నడుస్తుండగా లీబర్మన్ టీవీ చర్చలో, లోపాలున్న సైనికుల పోస్టల్ ఓట్ల విషయంలో అధికారులు ఉదారంగా వ్యవహరించాలని అన్నారు. అవి ఎక్కువగా రిపబ్లికన్లకు పడే ఓట్లు. సొంత న్యాయవాదులు తల పట్టుకున్నారు. పార్టీ కార్యకర్తల మనసులో ఆయనపై అనుమానానికి తొలి బీజం అక్కడే పడింది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆయన చేసిన పని దేశ పాలనా నిర్మాణాన్నే మార్చింది. సెనేట్ ప్రభుత్వ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడిగా స్వదేశీ భద్రతకు ప్రత్యేక మంత్రిత్వశాఖ కావాలని ఆయన బిల్లు తెచ్చారు. మొదట కాదన్న అధ్యక్షుడు జార్జ్ బుష్ 2002 జూన్‌లో తానే ఆ ప్రతిపాదన ప్రకటించారు; నవంబర్‌లో చట్టమైంది. దాడులపై విచారణకు స్వతంత్ర కమిషన్ ఏర్పాటులో రిపబ్లికన్ మిత్రుడు జాన్ మెకెయిన్‌తో కలిసి పనిచేశారు. ఇరాక్‌పై యుద్ధానికి అనుమతించే 2002 తీర్మానాన్నీ ఆయన బలపరిచారు. ఆ తీర్మానానికి ఓటు వేసిన డెమొక్రాట్లు చాలామందే ఉన్నారు. తేడా తర్వాత వచ్చింది. సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదని తేలాక, మృతుల సంఖ్య పెరిగాక మిగతావారు ఒక్కొక్కరుగా వెనక్కి తగ్గుతుంటే, ఆయన యుద్ధాన్ని సమర్థిస్తూ 2005 నవంబర్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 2004 అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీలో ఆయన ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. గోర్ కూడా ఆయనను కాదని మరో పోటీదారు హోవర్డ్ డీన్‌ను బలపరిచారు.

2006 ఆగస్టు 8న, నాష్‌విల్ వేదిక ఎక్కి సరిగ్గా ఆరేళ్లు నిండిన రోజున, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే కనెక్టికట్ డెమొక్రటిక్ ప్రైమరీలో యుద్ధ వ్యతిరేకి నెడ్ లామొంట్ చేతిలో 52–48 శాతంతో లీబర్మన్ ఓడారు. పార్టీ తీర్పును అంగీకరించకుండా స్వతంత్రంగా నిలబడి, రిపబ్లికన్ ఓటర్ల అండతో నవంబర్‌లో దాదాపు 50 శాతం ఓట్లతో గెలిచారు. 1988లో లాగే మళ్లీ రెండు పార్టీల మధ్య సందులోంచే.

విశ్రాంతి దినం విషయంలో లీబర్మన్ ఒంటరిగా నిర్ణయాలు తీసుకోలేదు. ఆయన వెనుక వేల ఏళ్ల వాదనలు, అడగడానికి రబ్బీలు, తప్పు చేస్తే చెప్పే సమాజం ఉన్నాయి. ‘ఇది ప్రజాప్రయోజనమా, నా ప్రయోజనమా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఆయనకు బయట ఉన్నారు. రాజకీయాల్లో మాత్రం ఆ స్థానంలో ఆయన మనస్సాక్షి ఒక్కటే మిగిలింది. 1998లో పార్టీకి ఎదురు నిలిచి చెప్పిన మాట సరైనదని దేశమంతా మెచ్చుకోవడంతో, పార్టీకి ఎదురు నిలవడమే సరైనదనడానికి రుజువన్న భావన క్రమంగా బలపడింది. ఇరాక్ విషయంలో వాస్తవాలు మారుతున్నా నిర్ణయం మారకపోవడానికి ఇదే ముఖ్య కారణంగా కనిపిస్తుంది. హలఖా అయితే మారిన వాస్తవాలను తిరిగి తూచమనేది. మనస్సాక్షికి అలాంటి పై కోర్టు లేదు. ఆయన విమర్శకులు చాలామంది ఆయన మతాన్నే తప్పుపట్టారు కానీ, మతం నేర్పిన పద్ధతిని రాజకీయంలోకి పూర్తిగా తీసుకురాకపోవడమే అసలు లోపం.

సెనేట్‌లో డెమొక్రాట్ల పక్షానే ఉంటూ, 2008లో ఆయన రిపబ్లికన్ జాతీయ మహాసభలో మెకెయిన్ తరఫున ప్రసంగించారు. బరాక్ ఒబామా గెలిచాక పార్టీ వర్గాలు ఆయనను కమిటీ అధ్యక్ష పదవి నుంచి తొలగించాలని కోరినా, ఒబామా కక్ష సాధింపు వద్దనడంతో డెమొక్రటిక్ సెనేటర్లు 42–13 ఓట్లతో ఆయనను కొనసాగించారు. మరుసటి ఏడాది ఆరోగ్య బీమా సంస్కరణ బిల్లుకు 60 ఓట్లు కావలసి వచ్చినప్పుడు ఆ అరవయ్యో ఓటు బేరం ఆయన చేతిలో ఉంది. ప్రభుత్వమే నడిపే బీమా పథకం ఉంటే ఓటు వేయనన్నారు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో 55 ఏళ్లు దాటినవారిని చేర్చే ప్రత్యామ్నాయాన్నీ కాదన్నారు. రెండూ బిల్లు నుంచి పోయాయి. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ నగరం బీమా కంపెనీలకు పుట్టిల్లు కాబట్టి ఆ రాష్ట్రం నుంచి వచ్చిన ఆయన వారి మాటే విన్నారని విమర్శకులు అన్నారు. లోటు పెరుగుతుందన్నది ఆయన వాదన. ఆయన పట్టుదల వల్ల ఆ బీమా సదుపాయం లక్షలాది మధ్యవయస్కులకు అందకుండా పోయిందన్నది మాత్రం కాదనలేని నిజం. ఆ డిసెంబర్‌లో సభ శనివారాల్లోకి పాకినప్పుడు కూడా ఆయన జార్జ్‌టౌన్ నుంచి నడిచే వచ్చారు.

మరో ఏడాదికి, 2010 డిసెంబర్ 18న, మళ్లీ శనివారమే, ఆయన చివరి పెద్ద విజయం వచ్చింది. స్వలింగ సంపర్కులు తమ సంగతి దాచుకుంటేనే సైన్యంలో కొనసాగవచ్చన్న 1993 నాటి నిబంధనను రద్దు చేసే బిల్లును రిపబ్లికన్ సెనేటర్ సుసాన్ కాలిన్స్‌తో కలిసి ముందుకు నడిపింది ఆయనే. సెనేట్ దాన్ని 65–31తో ఆమోదించింది. సనాతన ప్రార్థనామందిరంలో స్వలింగ వివాహం జరగదు. అయినా ఆ మందిరానికి వెళ్లే మనిషి, విశ్రాంతి దినాన సభకు వచ్చి, ఆ సైనికుల కోసం ఓటు వేయడం ప్రజాక్షేమమేనని తేల్చుకున్నారు. గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబుల్లో అన్నిటికంటే ఉదాత్తమైనది ఇదే. ఇరాక్ కారణంగా ఆయనను క్షమించలేనివారు కూడా దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

తిరిగి పోటీ చేయకుండా 2013 జనవరిలో ఆయన సెనేట్ నుంచి తప్పుకున్నారు. తర్వాతి ఏళ్లలో నో లేబుల్స్ సంస్థ ద్వారా రెండు పార్టీలకు అతీతమైన అభ్యర్థిని నిలబెట్టే ప్రయత్నాలకు నాయకత్వం వహించారు. 2024 మార్చి 27, బుధవారం నాడు, కిందపడి గాయపడిన తర్వాత 82 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో మరణించారు. యూదు ఆచారం ప్రకారం అంత్యక్రియలు ఆలస్యం చేయకూడదు, విశ్రాంతి దినాన చేయకూడదు. శుక్రవారం, స్టాంఫర్డ్‌లో ఆయన పెరిగిన సమాజపు ప్రార్థనామందిరంలో అంతిమ వీడ్కోలు జరిగింది. ఒకనాడు ఆయన కోసం లైట్లు ఆర్పిన గోర్ అక్కడ మాట్లాడారు. 2006లో ఆయనను ఓడించి, ఆయన చేతిలో ఓడి, అప్పటికి రాష్ట్ర గవర్నరుగా ఉన్న లామొంట్ కూడా మాట్లాడారు. సూర్యాస్తమయానికి ముందే అంతా ముగిసింది.